లైటు వెలిగినప్పుడే దమ్ము

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మొండక్క అనేవారు. మొదట్లో వెనకాల అన్నారు, కొన్నాళ్లకు ముఖం మీదే అన్నారు. చివరికి ఆఫీసు గుమాస్తా కూడా కిటికీలోంచి తల బయటపెట్టి "మొండక్కా, ఓనరుగారు పిలుస్తున్నారు" అని కేకేసేదాకా వచ్చింది. ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. ఆ పేరు తనకెవరో ఊరికే పెట్టింది కాదు, తను కష్టపడి సంపాదించుకున్నది అని ఆమె లెక్క.

సంపాదించుకున్న వైనం ఇదీ. పెళ్లి కాకముందే ఆమె ఆ ఫ్యాక్టరీలో చేరింది. లోపలంతా జిగురు వాసన, ఒంటినిండా అట్ట నూగు, చెవులు దిబ్బళ్లు పడే మోత. అట్టలు కోసే మిషను నోరు తెరిచి మూసేలోపు అట్టను లోపలికి తోసి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. అన్నం వేళకు తప్ప ఆడవాళ్ల మిషన్లు ఆగవు. మగవాళ్లవి మాత్రం మధ్యమధ్యలో ఆగేవి. అంత కాగితం మధ్యలో అగ్గిపుల్ల గీస్తే ఫ్యాక్టరీ మొత్తం బూడిదవుతుంది కాబట్టి, సిగరెట్ కాల్చేవాళ్లు వెనక ఖాళీ స్థలంలోకి వెళ్లి కాల్చుకు రావాలని రూలు. వాళ్లు వెళ్లేవారు. గోడకు చేరబడి, ఆకాశం కేసి చూసి, నాలుగు కబుర్లు చెప్పుకుని, నడుం విరుచుకుని వచ్చేవారు.

ఒకరోజు ఆమె సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది.

"నేనూ కాసేపు వెనక్కి వెళ్లొస్తానండీ. నడుం పట్టేసింది."

"వెనక నీకేం పని? నువ్వేమన్నా సిగరెట్ కాలుస్తావా?"

"లేదండీ."

"మరి?" అన్నాడాయన. వెటకారం కాదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

మర్నాడు ఆమె మిషను ఆపింది. సంచిలోంచి కొత్త సిగరెట్ పెట్టె తీసి ఆయన ముక్కు ముందు ఆడించి, దర్జాగా వెనక్కి నడిచింది. మొదటి దమ్ముకే ఉక్కిరిబిక్కిరైపోయింది. దగ్గూ కన్నీళ్లూ ఆగలేదు. మగవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆమె కళ్లు తుడుచుకుని, గోడకు చేరబడి, ఆకాశం కేసి చూసింది. మబ్బులు పోతున్నాయి. ఎంత హాయిగా ఉంది అనుకుంది.

వారం తిరిగేసరికి ఇంకో నలుగురు ఆడవాళ్లు సిగరెట్ పెట్టెలతో తయారయ్యారు. వాళ్లలో ఒకామె అసలు వెలిగించేదే కాదు, వేళ్ల మధ్య పెట్టుకుని తిరిగేది. మిషన్లు ఆగిపోతున్నాయని సూపర్‌వైజర్ ఓనరు దగ్గర గోల పెట్టాడు. ఓనరు తల పట్టుకుని, చివరికి అందరికీ కలిపి ఒక గంట కొట్టించి టీ విరామం ఇచ్చాడు. కాల్చేవాళ్లకూ కాల్చనివాళ్లకూ ఒకటే గంట. ఆ సాయంత్రం మిగతా నలుగురూ నవ్వుకుంటూ తమ పెట్టెలు మురిక్కాలవలో పడేశారు. ఆమె కూడా పడేద్దామనే అనుకుంది. ఈ పెట్టె అయిపోనీ అనుకుంది. అది అయ్యాక ఇంకొకటి కొంది. అదేమిటే అని స్నేహితురాలు అడిగితే "నా ఇష్టం" అంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఎవరడిగినా అదే సమాధానం.

పెళ్లిచూపులప్పుడు కూడా దాచలేదు. పెళ్లికొడుక్కి ఇరుకు సందులో కళ్లజోళ్లు బాగుచేసే కొట్టు ఉండేది. "నేను సిగరెట్ కాలుస్తాను. ఇష్టమైతే చేసుకో, లేకపోతే లేదు" అని చెప్పేసింది. అతను కళ్లజోడు తీసి, అద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని "వంటింట్లో పెద్ద కిటికీ ఉంది" అన్నాడు. ఆ మాటకే ఆమె ఒప్పుకుంది.

అత్తగారి సంగతి వేరు. ఆవిడ ముక్కుపొడి డబ్బా చేతిలోంచి దిగేది కాదు. ఒక పట్టు పీల్చి, నాలుగు తుమ్ములు తుమ్మి, ముక్కు తుడుచుకుని "ఆడది పొగ వదలడమేమిటే, ఇల్లా రైలింజనా?" అనేది. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఇంకోటి వెలిగించేది. మందులషాపు ఆయన మానమన్నాడు. పక్కింటావిడ మానమంది. చిన్నప్పుడు కూతురు పెట్టెను బియ్యం డబ్బా అడుగున దాచింది. ఆమె టార్చిలైటు వేసుకుని, మోచేతుల దాకా బియ్యంలో కెలికి మరీ తీసింది. ఎవరైనా మానమంటే చాలు, ఆ రోజు లెక్క పెరిగేది. నా మీద ఎవడి పెత్తనమూ చెల్లదు అని ఆమె ధీమా.

అలాంటి మనిషి ఉన్న ఫ్యాక్టరీకి ఒకనాడు టీ వేళప్పుడు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, బక్కగా, చేతిలో బరువైన బ్యాగు, మాటలో తొందర. పొగ తాగేవాళ్ల మీద పరిశోధన చేస్తున్నామని, మనుషులు కావాలని చెప్పింది. మగవాళ్లు ముగ్గురు ముందుకొచ్చారు.

"ఆడవాళ్లెవరైనా ఉన్నారా? ఎక్కడికెళ్లినా దొరకట్లేదు. ఉన్నా ఒప్పుకోవట్లేదు" అంది డాక్టరమ్మ.

మగవాళ్లు గోడకు చేరబడి కాలుస్తున్న మొండక్క కేసి చూసి ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండింది. సిగరెట్ ఉన్న చేతినే పైకెత్తింది. "నేనున్నాను. రాసుకోండి."

ల్యాబ్ రెండో అంతస్తులో మూల గది. మధ్యలో డెంటిస్టు దగ్గర ఉండేలాంటి కుర్చీ, ఎదురుగా గోడకు రెండు చిన్న లైట్లు, నెత్తిన పొగ లాగేసే ఫ్యాను, పక్కన అద్దాల కిటికీ. కిటికీ అవతల నర్సు, కంప్యూటరు. ముందురోజు రాత్రి నుంచి ఒక్కటి కూడా కాల్చకుండా రావాలి. వచ్చాక ఒక మీటరులోకి ఊపిరంతా ఊదాలి. అబద్ధమాడితే అది పట్టేస్తుంది. తర్వాత మోచేతి దగ్గర నరంలో సన్నటి గొట్టం పెట్టి, కాల్చకముందు కాస్త, కాల్చాక కాస్త రక్తం తీస్తారు. సిగరెట్‌ను చిన్న ప్లాస్టిక్ పీకలో గుచ్చి ఇస్తారు. ఆ పీకకు తీగ ఉంటుంది. ఎంత పొగ లాగారో, ఎంతసేపు లాగారో తీగ వెంట పోయి కంప్యూటరులో గీతగా పడుతుంది.

"ఇదంతా ఎందుకు? సిగరెట్ ఇచ్చి కాల్చమంటే సరిపోదా?" అని అడిగింది మొండక్క.

"అదే కదా చిక్కు!" అని డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "మందయితే గ్లాసులో కొలిచి పోస్తాం. ఇంజెక్షన్ అయితే సిరంజి మీదే గీతలుంటాయి. సిగరెట్‌కి ఆ వీల్లేదు. ఒకే పెట్టెలోవి ఇద్దరికిస్తే, ఒకరి ఒంట్లోకి వెళ్లినంత నికోటిన్ ఇంకొకరి ఒంట్లోకి వెళ్లదు. ఒకరు పైపైన పీలుస్తారు, ఇంకొకరు గుండెల నిండా లాగుతారు. ఒక్క మనిషే పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కాలుస్తాడు. ఎంత వెళ్లిందో తెలియకుండా, అది గుండెని ఏం చేసింది, చేతుల్ని ఎంత వణికించింది అంటే నేనేం చెప్పను?"

"అయితే ఇప్పుడేం చేస్తారు?"

"మొదట కొన్ని వారాలు మీ ఇష్టం వచ్చినట్టు కాల్చండి. ఊరికే కొలుస్తాను. తర్వాత నేను చెప్పినట్టు కాల్చాలి. పచ్చలైటు వెలిగితే లాగాలి, ఎర్రలైటు వెలిగితే ఆపాలి. మధ్యలో ఎప్పుడు వద్దనుకున్నా మానేసి వెళ్లిపోవచ్చు. అది మీ హక్కు."

మొదటి వారాలు హాయిగా గడిచాయి. సిగరెట్ల మీద పేరూ రంగూ ఏమీ లేవు, అన్నీ తెల్లగా ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో కొన్ని ఘాటువి, కొన్ని తేలికవి అని, ఏ రోజు ఏవి ఇస్తున్నారో నర్సుకు కూడా తెలియదని చెప్పారు. కాల్చాక ప్రతిసారీ డాక్టరమ్మ అడిగేది. "ఇవాళ ఎలా కాల్చారు?"

"రోజూ కాల్చినట్టే" అనేది మొండక్క.

లైట్ల వంతు వచ్చాక మొదలైంది తగాదా. పచ్చలైటు వెలగగానే పొగ లాగాలి. లాగుతుండగానే ఎర్రలైటు. మళ్లీ పచ్చలైటు వచ్చేదాకా ఎదురుచూడాలి. తనకు లాగాలనిపించినప్పుడు లైటు వెలగదు, వెలిగినప్పుడు లాగాలనిపించదు. మొదటిరోజు పళ్లు బిగబట్టి కూర్చుంది. రెండోసారికి ఎర్రలైటు వెలిగాక కూడా లాగేసింది.

అద్దం అవతలి నుంచి నర్సు మైకులో అంది. "అమ్మా, ఎర్రలైటు వచ్చింది. ఆపేయాలి."

"ఆపానుగా!"

"లేదమ్మా, ఇంకా లాగుతున్నారు. గీతలో కనిపిస్తోంది."

ఇంకో రోజు అదే మాట, ఆ తర్వాతి రోజూ అదే మాట. కొన్ని రోజులు బుద్ధిగా ఆపేది, కొన్ని రోజులు ఆగేది కాదు. ఆగని రోజున ఇంటికెళ్లేసరికి చిర్రుబుర్రులాడుతూ ఉండేది. చివరికి ఒకనాడు పీకను ట్రేలో విసిరికొట్టి లేచి నిలబడింది. "మీ మిషను అబద్ధమాడుతోంది! నేను ఎప్పుడూ ఎంత లాగుతానో అంతే లాగాను. ఒక్క పిసరు ఎక్కువ లాగలేదు. నా నోరు నాకు తెలియదా?"

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "మిషను సరిగ్గానే ఉంది. ఈ రోజే సరిచూశాం."

"అయితే చూపించండి. ఆ గీతలేంటో నాకూ చూపించండి. చూపించకపోతే నేనీ కుర్చీలో కూర్చోను."

డాక్టరమ్మ నసిగింది. చూపిస్తే మనిషి జాగ్రత్తపడిపోతుంది, ఆపైన కొలిచినవన్నీ పనికిరాకుండా పోతాయి. కానీ ఎదురుగా ఉన్న మనిషి కదిలేలా లేదు. "మొదటి వారాలవి చూపిస్తాను. అవి ఎలాగూ అయిపోయాయి" అని కంప్యూటరు ముందుకు తీసుకెళ్లింది.

రెండు రోజుల గీతలు పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో చిన్న చిన్న గుట్టలు, ఎడం ఎడంగా ఉన్నాయి. రెండోదానిలో ఎత్తయిన కొండలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"ఈ గుట్టలు ఘాటు సిగరెట్ ఇచ్చిన రోజు. ఈ కొండలు తేలికది ఇచ్చిన రోజు. ఏ రోజు ఏదిచ్చామో మీకు చెప్పలేదు. రెండు రోజులూ మీరు రోజూ కాల్చినట్టే కాల్చానన్నారు." డాక్టరమ్మ కిందున్న ఇంకో గీత మీద వేలు పెట్టింది. "ఇది మీ రక్తంలోని నికోటిన్. చూడండి, రెండు రోజులూ దాదాపు ఒక్కలాగే ఉంది."

మొండక్క స్క్రీన్ దగ్గరికి వంగింది. "ఈ కొండలు గీసింది నేనా?"

"మీ ఊపిరే."

"నేనేమీ అనుకోలేదే! గట్టిగా లాగాలని అసలు అనుకోనేలేదే!"

"మీరు అనుకోనక్కర్లేదు. ఒంటికి కొంత నికోటిన్ అలవాటైపోయింది. తక్కువైతే ఎక్కువ లాగిస్తుంది, ఎక్కువైతే నెమ్మదిగా లాగిస్తుంది. మీకు తెలియకుండానే తనకు కావలసింది తను రాబట్టుకుంటుంది. నేను లైట్లు పెట్టేది దాన్ని ఆపడానికే. కానీ మీ విషయంలో లైట్లు కూడా ఓడిపోతున్నాయి" అని నవ్వబోయింది డాక్టరమ్మ.

మొండక్క నవ్వలేదు. ఆమె ముఖం జేవురించింది. ఇన్నేళ్లూ సూపర్‌వైజర్ మాట చెల్లలేదు, అత్త మాట చెల్లలేదు, ఊళ్లో ఎవరి మాటా చెల్లలేదు. తన నోట్లో సిగరెట్ తన మాట మీదే వెలుగుతోందని, తన మాట మీదే ఆరుతోందని అనుకుంది. తీరా చూస్తే ఎవడో లోపల కూర్చుని ఇంత లాగు, ఇంకాస్త లాగు అంటుంటే, మారుమాటాడకుండా లాగుతూ వచ్చింది. బియ్యంలో మోచేతుల దాకా కెలికించింది కూడా వాడే. కనీసం అరిచి చెప్పినా ఎదురు తిరిగేది. వాడు అరవలేదు. అదే ఆమెకు మరీ అవమానంగా తోచింది.

చేతి గొట్టం చూపించి "ఇది తీసేయండి" అంది.

"ఇవాళ్టికి అయిపోయిందనుకుందాం లెండి. మళ్లీ సోమవారం..."

"సోమవారం లేదు, మంగళవారం లేదు. నేనిక కాల్చను."

డాక్టరమ్మ నోరు వెళ్లబెట్టింది. "అంటే... మానేస్తారా? మంచిదే. చాలా మంచిది. కానీ ఇంకొన్ని రోజులేగా మిగిలింది! ఇవి పూర్తిచేసి మానేయకూడదా? ఆడవాళ్లలో ఇంత పూర్తిగా కొలిచింది మీ ఒక్కరివే."

"అంటే ఇంకొన్నాళ్లు కాల్చమంటారు."

"కాల్చమని కాదు..."

"అదే కదా అంటున్నారు!" మొండక్కకు అప్పుడు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "పుట్టి బుద్ధెరిగాక నన్ను కాల్చమన్నది మీరొక్కరే డాక్టరమ్మా. మానమంటే ఇన్నేళ్లు కాల్చాను. కాల్చమంటే ఒక్కటి కూడా కాల్చను."

డాక్టరమ్మ తనే గొట్టం తీసి, దూది పెట్టి అదిమింది. "నాకు కోపంగానే ఉంది. దాచుకోను. కానీ అడగడం నా అవసరం, కాదనడం మీ హక్కు. మొదటి వారాలవి నా దగ్గర ఉంటాయి. చాలు."

మాట అన్నంత తేలిక కాలేదు పని. మొదటిరోజు పౌరుషంతో గడిచింది. మర్నాటి టీ గంటకు వెనక గోడ దగ్గర నిలబడితే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నడుం మీద పెట్టుకుంది, కట్టుకుంది, చివరికి గోడ పెచ్చులు ఊడబెరికింది. మిషను దగ్గర అట్టలు వంకరగా కోసి, జిగురు పూసే ఆవిడ మీద విరుచుకుపడింది. ఇంట్లో కంచం పగిలింది. నిద్ర పట్టేది కాదు, పట్టినా కలలో సిగరెట్లే. లోపలివాడు రకరకాలుగా వచ్చాడు. బతిమాలాడు. నీ ఇష్టానికే కాల్చు, నేనెవర్ని చెప్పడానికి అని ఆమె మాటలే ఆమెకు అప్పజెప్పాడు. ఆమె వంటింట్లో నిలబడి పైకే తిట్టేది. "పోరా! ఇన్నేళ్లు చేయించుకున్నది చాలదా? నీ అయ్య సొత్తనుకున్నావా నా ఊపిరి?"

అత్తగారు హాల్లోంచి "ఎవరితోనే?" అని అడిగేది.

"నీతో కాదులే అత్తా, పడుకో."

ఒక వానసాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూ బస్టాపులో నిలబడితే, పక్కనాయన సిగరెట్ వెలిగించాడు. ఆమె అడిగి తీసుకుని సగం కాల్చింది. చేదుగా ఉంటే బాగుండేది. కానీ ఎప్పటిలాగే బ్రహ్మాండంగా ఉంది. అందుకే ఆమెకు మరీ ఒళ్లు మండింది. సగం ముక్కను నీళ్లలో పారేసి, బస్సెక్కి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

కాలం గడిచేకొద్దీ పట్టు చిక్కింది. అప్పుడే అత్తగారు తన ప్రతాపం చూపించింది. మెట్ల మీద నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని "పదేళ్లు చెప్పాను, ఇరవయ్యేళ్లు చెప్పాను. చివరికి నా నోటి చలవ వల్లే మానింది" అంటుంటే, కూరగాయల సంచితో ఎక్కి వస్తున్న మొండక్క చెవిన పడింది.

సంచి అక్కడే పెట్టి, మూలనున్న బడ్డీకి వెళ్లి ఒక సిగరెట్, అగ్గిపెట్టె కొనుక్కొచ్చింది. అందరి ముందూ నోట్లో పెట్టుకుంది. "ఎవరి నోటి చలవో ఇప్పుడు చూద్దాం" అని అగ్గిపుల్ల గీసింది.

గీసింది గానీ చెయ్యి ముందుకు రాలేదు. కాలిస్తే అత్త మీద కోపంతో కాల్చినట్టు. కాల్చకపోతే అత్త మాట నెగ్గినట్టు. రెంటిలో ఏది చేసినా తను చేసినట్టు కాదు. పుల్ల వేలిదాకా కాలింది. "అబ్బా!" అని విదిల్చింది. మెట్ల మీద ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆమె సిగరెట్‌ను నోట్లోంచి తీసి, రెండు ముక్కలు చేసి, అత్తగారి ఒళ్లో పడేసింది.

"నువ్వు చెప్పావని ఊరంతా చాటుకో అత్తా. నాకేం నష్టం లేదు. నాకు తెలుసు, లోపలివాడికి తెలుసు."

"లోపలివాడెవడే?" అని అత్తగారు కంగారుపడి, ధైర్యం కోసం ఒక పట్టు ముక్కుపొడి పీల్చింది.

ఆ సాయంత్రం భర్త కొట్టు కట్టేసి వచ్చాక, అతనికి అన్నం పెడుతూ అడిగింది. "ఏమయ్యా, అందరూ చెప్పారు, నువ్వొక్కసారి కూడా మానమని చెప్పలేదే?"

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. "భయమేసింది."

"నేనంటేనా?"

"నువ్వంటే కాదు. నీ మీద పెత్తనం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణయిపోతానేమోనని."

ఆమె గరిటెతో ఇంకాస్త కూర వడ్డించింది. "అయినా ఒక్కసారి చెప్పాల్సింది" అంది. "వినేదాన్ని కాదు, అది వేరే సంగతి. కానీ చెప్పాల్సింది." అతను తలూపాడు. ఇద్దరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గింది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతోంది. చలికాలం పొద్దుటిపూట, వాన పడిన సాయంత్రాలు, ఇప్పటికీ నాలిక పీకుతుంది. ఆమె దాన్ని దాచుకోదు, ఎవరైనా అడిగితే "అవును, కాల్చాలనే ఉంది, కాల్చను" అంటుంది.

ఆ మరుసటి ఏడాది డాక్టరమ్మ మళ్లీ పిలిపించింది. ఆసుపత్రిలో సిగరెట్ మాన్పించే విభాగం కొత్తగా పెడుతున్నారట. గోడకు పెద్ద పోస్టరు వేయాలి, దాని మీద మొండక్క ఫొటో ఉండాలని పెద్ద డాక్టర్లు అనుకుంటున్నారట. కింద ఏదో మంచి మాట కూడా రాస్తారట.

"నేను మానాను, మీరూ మానండి అని రాస్తారా?"

"అలాంటిదే."

"వద్దు. నా ముఖం పెట్టి పక్కవాళ్లకు సుద్దులు చెప్పకండి. నాలాంటిది ఎవతైనా అది చూసిందంటే, అక్కడే నిలబడి రెండు కాల్చి మరీ వెళ్తుంది."

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. "మరి ఏం పెట్టమంటారు?"

"ఆ గీతలు పెట్టండి. నా గుట్టలు, నా కొండలు. పేరు వేయకండి. ఇలా లాగింది ఎవరు అని అడగండి, ఊరుకోండి. ఆ తర్వాత అది వాళ్లకీ వాళ్ల ఒంటికీ మధ్య తగాదా. మధ్యలో మనమెవరం?"

డాక్టరమ్మ ఇంకేదో అడగబోయింది గానీ, మొండక్క అప్పటికే సంచి భుజానికి తగిలించుకుంది. ఫ్యాక్టరీకి వేళవుతోందని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.